నాంచారి నొప్పి

మా చెల్లెలి మొగుడు చెంగల్రాయుడికి నా మీద కుళ్ళు పుట్టింది. నా దగ్గర ఏముందని అడగొద్దండి. పొలం లేదు, పుట్ర లేదు. పేరు దొరసామి, ఏడో తరగతి తప్పినోణ్ణి, ఏనుగుల క్యాంపులో వంటోణ్ణి. నాకున్న ఒక్కగానొక్క ఆస్తిని చూసి వాడు అన్నం మానేసినాడు. ఆ ఆస్తి కాలి నొప్పి. నవ్వబాకండి. అది కూడా నాది కాదు, ఏనుగుది.

మాది పలమనేరు అవతల, కౌండిన్య అడవి అంచు. అడవి ఏనుగులు మామిడి తోటల మీద పడితే మళ్ళీ లోపలికి తోలేదానికి మా క్యాంపులో నాలుగు పెంపుడు ఏనుగులు ఉండాయి. వాటికి రాగిసంగటి ముద్దలు చేసేది నేను. ఒక్కో ముద్ద మీ తలకాయంత. వాటిల్లో పెద్దది నాంచారి, ఆడది. దాని మావటి చెంగల్రాయుడు. పెండ్లి కాకముందు నించీ వాడు దాంతోనే ఉండాడు. మా చెల్లెలు కన్నెమ్మ కాపురానికొచ్చిన దినమే దానికి సవతి అని పేరు పెట్టేసింది.

"పేరు కూడా ఎట్ల కుదిరిందో చూడన్నా. ఆ ఏడుకొండలాయనకూ నాంచారే, ఈయనకూ నాంచారే. ఆ యమ్మన్నా పక్క గుళ్ళో ఉంటాది. నా సవతి నా పసుపు సబ్బు కూడా తినేసింది" అనేది.

అబద్ధం కాదు. సబ్బు నిజంగానే తినింది.

ఈ సంగతంతా మొదలైంది నాంచారి ముందర ఎడమ కాలి గోరు చీలినప్పుడు. చీలిక చిన్నదే. లోపల చీము పట్టింది. దాన్ని చూసేదానికి నీరజాక్షి అని ఒక డాక్టరమ్మ జీపులో వచ్చింది. ఏనుగుల కాళ్ళ మీదనే పరిశోధన చేస్తా ఉందంట. మనిషి సన్నగా చీపురు పుల్ల మాదిరి ఉంది గాని, పోయి నేరుగా నాంచారి కడుపు కింద కూర్చునింది. నాకైతే అప్పుడే గౌరవం పుట్టింది.

ఆ యమ్మ పెట్టెలోనించి రెండు వస్తువులు తీసింది. ఒకటి బండి టైరంత కడియం. నాంచారి చీలమండకి బిగించింది. రెండోది మనుషులకి, చిన్న పట్టీ.

"ఏనుగు నొప్పిని దాచుకుంటుంది. అడవిలో నొప్పి బయటపెడితే బతకదు కదా! కుంటడం మొదలుపెట్టేసరికి లోపల ఎముక దాకా పోయుంటుంది. ఎక్కడ నొస్తోందో, ఎంత నొస్తోందో అది చెప్పదు, మనం అడగలేం. అందుకే ఇది చేశాను. ఆ కాలిలో నరాలు కొట్టుకునేది కడియం వింటుంది. విన్నది విన్నట్టు పట్టీకి పంపిస్తుంది. సెల్‌ఫోన్ సిగ్నల్ ఉన్నంత దూరం. పట్టీ కట్టుకున్నవాళ్ళకి అదే చోట, అదే నొప్పి వస్తుంది. కాలికేం కాదు. నొప్పి మాత్రం నిజం" అనింది.

"ఇటియ్యమ్మా" అని చెంగడు చెయ్యి చాపినాడు. పెండ్లికొడుకు తాళికి చాపినట్టు చాపినాడు.

ఇక్కడ మీకొక మాట చెప్పాల. పరాయోళ్ళు ఏనుగు కాలు పట్టుకుంటే మావటి పక్కకు పోడు. దాని చెవి దగ్గర నిలబడి, చెవి వెనకాల అరచెయ్యి ఆనించి, ఏందో ఒకటి గొణుగుతా ఉంటాడు. అది వాళ్ళ పద్ధతి. ఆ దినం కూడా చెంగడు అట్లే నిలబడినాడు. డాక్టరమ్మ వాడి కాలికి పట్టీ కట్టి, నాంచారి గోటి మీద బొటనేలితో నొక్కింది.

"ఏమైనా ఉందా?"

"లేదమ్మా."

ఇంకా గట్టిగా నొక్కింది. "ఇప్పుడు?"

"లేదే!"

బ్యాటరీ మార్చింది, కాలు మార్చింది. మర్నాడు మళ్ళీ చూసింది. వాడు మళ్ళీ దాని చెవి కాడనే నిలబడినాడు. ఏమీ లేదు. పట్టీ కట్టుకుని కోడి మాదిరి ఒంటికాలి మీద నిలబడి చూసినాడు పాపం, అయినా లేదు.

"కొంతమంది ఒంటికి ఇది పట్టదేమోలే చెంగల్రాయుడూ" అనింది డాక్టరమ్మ.

నేను ఊరికే ఉంటానా? "మగోడివి, నీకు పట్టీలేందిరా? ఇట్లియ్యి, నాకైతే అందంగా ఉంటాది" అని లాక్కుని నా కాలికి కట్టుకున్నా. నడుము తిప్పుకుంటా వంటశాల దిక్కు నడిచినా. అందరూ నవ్వినారు. చెంగడు మాత్రం "బావా, తీసెయ్, అది ఆడుకునే వస్తువు కాదు" అని నా వెంటబడి వచ్చినాడు.

వంటశాలలోకి పోయి తెడ్డు ఎత్తినానో లేదో, అబ్బబ్బా! ఎడమకాలి బొటనేలి పక్క వేలి గోటి కింద, ఎర్రగా కాల్చిన దబ్బనం దిగినట్టు అయింది. తెడ్డు సంగట్లో పడింది, నేను కట్టెల మీద పడినా. డాక్టరమ్మ పరిగెత్తుకుంటా వచ్చింది. ఏ వేలు, ఎంత లోతు, గుచ్చినట్టా మండినట్టా అని అడిగింది. చెప్పినా. ఆ యమ్మ కండ్లు వెలిగిపోయినాయి. చీము ఉండేది సరిగ్గా ఆడనే.

అప్పుడు చెంగడి మొకం చూడాల! పెండ్లి పిలుపు అందని పెదనాయన మాదిరి అయిపోయింది.

"నీకా?" అన్నాడు. "నీకా చెప్పుకునింది?"

ఆ దినం డాక్టరమ్మ ఒక మాట తేల్చేసింది. నెల రోజులు మందు వేసి చూస్తా, దొరసామి పట్టీ కట్టుకుని ఉంటాడు. నొప్పి తగ్గితే ఇక్కడే బాగుచేస్తా. పెరిగితే ఉత్తరాన కొండల్లో ఉండే పెద్ద ఏనుగుల ఆస్పత్రికి పంపాల. ఎముక కోయాల్సి వస్తాది. ఈ వయసులో పోయిన ఏనుగు ఇంక తిరిగిరాదు. ఆడ వాళ్ళ మావటీలు వాళ్ళకు ఉండారు.

చెంగడు తల ఊపినాడు. నాంచారి తన చేతిలోనించి పోతుందా, ఉంటుందా అనేది నా కాలి మీద పడింది. అది వాడికి పుండు మీద కారం.

ఇంక చూసుకోండి. నేను సంగటి కెలకతా ఉంటే చెంగడు వచ్చి నిలబడేది. "బావా, ఇప్పుడుందా?"

"ఉంది రా."

"యాడ? గోటి కిందనా, మడమలోనా?"

"గోటి కింద."

"గుచ్చతా ఉందా? లాగతా ఉందా?"

"రేయ్, అది కాలు నొప్పి రా, లడ్డూ కాదు. రుచి ఎట్లా ఉందని అడగతా ఉండావు!"

వాడు పోడు. నాంచారిని చెట్టుకి కట్టేసి, గడ్డి ముందర పారేసి, నా ఎదురుగా గొంతుకూర్చుని నా కాలినే చూసేది. కొత్త కోడలి కాలి మెట్టెలు చూసినట్టు చూసేది. నాకు ప్రాణం పోతా ఉంటే వాడికి నోట్లో నీళ్ళూరేవి. లోకంలో బంగారం చూసి కుళ్ళుకున్నోళ్ళను చూసినా, పక్కోడి పెండ్లాన్ని చూసి కుళ్ళుకున్నోళ్ళనూ చూసినా. నొప్పిని చూసి కుళ్ళుకున్నోణ్ణి వీణ్ణే చూసినా.

నాకు ఆటలు కదా పుట్టు గుణం. ఒక దినం కండ్లు మూసుకుని, "ఉండు, ఏందో చెప్తా ఉండాది" అన్నా.

"ఏంది బావా?"

"బీడీ వాసన పడటంలేదంట."

ఆ దినమే బీడీలు మానేసినాడు. మా చెల్లెలు ఇరవై ఏండ్లు మొత్తుకున్నా మానంది! మరుసటి వారం, "మీసం గుచ్చుకుంటా ఉందంట తొండానికి" అన్నా. పొద్దునకల్లా మీసం లేదు. నున్నగా, ఉడకబెట్టిన గుడ్డు మాదిరి వచ్చి నిలబడినాడు. క్యాంపు క్యాంపంతా పొట్ట పట్టుకుని నవ్వింది. కన్నెమ్మ మాత్రం నవ్వలేదు.

"అన్నా, ఇంగ చాలు" అనింది. కొంగులోనించి ఒక గులకరాయి తీసి చూపించింది. "ఇది ఆయన చెప్పులో ఉంది. ఎడమకాలి చెప్పులో. తీసేస్తే మళ్ళీ పెట్టుకుంటా ఉండాడు. దానికి ఎట్ల నొస్తాదో తెలుసుకోవాలంట."

నేను తెడ్డు పక్కన పెట్టినా.

"నా కాన్పప్పుడు ఈయన యాడుండాడు? మూడు ఊళ్ళవతల దాన్ని కడగతా ఉండాడు. నేను కేకలేస్తే వీధంతా వినింది, ఆయనకి వినపడలేదు. ఇప్పుడు దాని గోరు నొప్పి కావాలంట, చెప్పులో రాయి పెట్టుకుంటా ఉండాడు." గులకరాయిని నా సంగటి కుండ పక్కన పెట్టి పోయింది.

అట్లా మూడు వారాలు పోయినాయి. నొప్పి తగ్గలేదు సరికదా, పెరిగింది. ముందర గోటి కింద ఉండేది పైకి పాకింది. మామూలుగా తెల్లారి నాంచారిని ఏట్లో కడిగేటప్పుడు నా కాలికి సుఖంగా ఉండేది. చెంగడు వంటశాలకి వస్తే మొదలయ్యేది. నేను అందరి ముందరా అనేసినా: "రేయ్, నువ్వొచ్చినప్పుడే నొస్తా ఉండాదిరా. నీ పాదం మంచిది కాదు!" అందరూ మళ్ళీ నవ్వినారు. డాక్టరమ్మ కూడా నవ్వింది.

చెంగడు నవ్వలేదు. ఆ దినం నించి వాడు నాంచారితో సరిగ్గా మాట్లాడటం కూడా మానేసినాడు. ముందర గంటలు గంటలు చెవి వెనకాల గోకతా ఉండేవాడు. ఇప్పుడు ఏట్లోనించి బయటికి తోలి, కట్టేసి, "నీ కతలు నీ వంటోడికి చెప్పుకో పో" అని వచ్చేసేది. అది తొండం చాపతా ఉంటే వాడు వెనక్కి చూడకుండా నా దగ్గరికి వచ్చేది, నా కాలు చూసేదానికి.

నెలాఖరుకి డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి అడిగింది. నేను అబద్ధం చెప్పలేకపోయినా. "పెరిగింది తల్లీ. రాత్రుళ్ళు పండుకోలేకపోతా ఉండా. మోకాలి దాకా లాగతాది" అన్నా. ఆ యమ్మ చాలాసేపు నాంచారి కాలినే చూసింది. తర్వాత ఫోన్ చేసింది.

లారీ ఒక సోమవారం పొద్దున వచ్చింది, ఆస్పత్రి మావటీని ఎక్కించుకుని. మంచోడే, నెమ్మదస్తుడు. డాక్టరమ్మ చెంగణ్ణి పిలిచి, "నువ్వు కూడా రా, దాన్ని దింపి వద్దువు" అనింది.

"నేనెందుకమ్మా? అది చెప్పుకునేది బావకి కదా. బావనే పంపండి" అన్నాడు. వంటశాల వెనకాల కట్టెల మోపు మీద ఇటు వీపు పెట్టి కూర్చున్నాడు. నాంచారి లారీ ఎక్కనని మొండికేసింది, రెండుసార్లు ఘీంకరించింది. వీడు కదల్లేదు. ఆఖరికి చెరుకు చూపించి ఎక్కించినారు. డాక్టరమ్మ జీపు ముందర, లారీ వెనకాల. పోయినాయి.

"ఆస్పత్రి చేరేదాకా పట్టీ తియ్యొద్దు దొరసామీ, దారిలో ఎట్లుందో నాకు చెప్తా ఉండు" అని చెప్పి పోయింది ఆ యమ్మ.

లారీ మలుపు తిరిగింది. నేను కిందపడినా. అంతకుముందు పడినవన్నీ ఆట. ఇది వేరే. కాలు ఎవరో రంపంతో కోస్తా ఉన్నట్టుంది. నోట్లో మన్ను పోయింది.

చెంగడు తల తిప్పి చూసినాడు. "నటించు బావా. నటించు. ఇప్పుడేం చెప్తా ఉండాది? గుండు చేయించుకోమంటా ఉందా?"

"ఒట్టు రా చెంగా... మా యమ్మ తోడు..."

"ఇట్టియ్యి!" అని నా మీద పడినాడు. నా కాలు పట్టుకుని పట్టీ పీకేసినాడు. వాడి కండ్లల్లో నీళ్ళు, నోట్లో బూతులు. "నెల దినాలు నన్ను కోతిని చేసినావు. చూస్తా. నాకు రానిది నీకెట్ల వచ్చిందో ఇప్పుడు చూస్తా" అని తన కాలికి బిగించుకున్నాడు.

బిగించుకున్నోడు బిగించుకున్నట్టే ఉండిపోయినాడు. నోరు తెరుచుకునింది. తర్వాత వచ్చిన కేకకి చెట్ల మీద పక్షులన్నీ లేచినాయి.

నేను భయపడి పట్టీ విప్పబోయినా. నా చెయ్యి విదిలించి కొట్టినాడు.

"ముట్టుకోవద్దు! బావా... వచ్చింది బావా! నాకొచ్చింది!" ఏడస్తా ఉండాడు, నవ్వతా ఉండాడు, ఒంటికాలి మీద గెంతతా ఉండాడు. "గోటి కింద! నువ్వు చెప్పినట్టే! అబ్బా... మోకాలి దాకా! నాకు చెప్తా ఉండాది బావా!" కన్నెమ్మ ఇంట్లోనించి పరిగెత్తుకుంటా వచ్చి, ఆ సంబరం చూసి, గడప కాడనే ఆగిపోయింది.

అట్లా అరగంట పోయినాక నా ఫోన్ మోగింది. డాక్టరమ్మ. "దొరసామీ, లారీ మొగిలి ఘాట్ దిగి ఆపేశాం. నాంచారి నిలబడలేకపోతోంది, లారీ పక్కలకి గుద్దుకుంటోంది. ఆ కాలు దించడంలేదు. నీకెట్లుంది?"

"నాకు కాదు తల్లీ, చెంగడికి వచ్చింది!"

"చెంగల్రాయుడికా?" అనింది. "వెంటనే తీసుకురా అతన్ని."

నా మోపెడ్ మీద వెనకాల కూర్చోబెట్టుకుని మొగిలి ఘాట్ దిగినా. దారి పొడుగునా వాడు నా వీపు గుద్దతా, ప్రతి నొప్పినీ పాట మాదిరి చెప్తా వచ్చినాడు. "ఇప్పుడు లాగింది బావా! ఇదిగో, గుచ్చింది! ఎంత నిజంగా ఉందో!" ఎదురొచ్చే బస్సుల్లో జనం వీడికి పిచ్చి అనుకున్నారు. నేను కూడా.

లారీ కనిపించింది. చింతచెట్ల కింద ఆగి ఉంది. నాంచారి లోపల ఊగతా ఉంది. చెంగడు "నాంచారీ!" అని గొంతు చించుకున్నాడు. దాని చెవులు విచ్చుకున్నాయి. తొండం పైకి లేచింది, గాలి వెతికింది.

నా వీపు మీద దబదబా దెబ్బలు పడినాయి. "ఆపు బావా, ఆపు! పోయింది! బ్యాటరీ అయిపోయింది!"

దిగినాడు. కాలు విదిలించినాడు. పట్టీ తట్టినాడు. ఏమీ లేదు. మొకం మళ్ళీ పెండ్లి పిలుపు అందని పెదనాయన అయిపోయింది. కుంటకుండా వెనక్కి నడిచినాడు, వచ్చిన దారినే. లారీ మలుపు చాటుకి పోయేదాకా పోయినాడు. ఆడనించి కేక వినిపించింది. "వచ్చింది!" మళ్ళీ ముందరికి వచ్చినాడు. నాంచారి వాణ్ణి చూసింది. పోయింది. మళ్ళీ వెనక్కి పోయినాడు. వచ్చింది. మళ్ళీ వచ్చినాడు. పోయింది.

డాక్టరమ్మ లారీ చక్రం పక్కన నిలబడి చూస్తా ఉంది. వాడు వచ్చినప్పుడు లోపల నాంచారి కాలు కిందికి దించతా ఉంది, పోయినప్పుడు ఎత్తతా ఉంది. ఆ యమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకునింది.

"నెల రోజులు దాని కాలినే చూశాను చెంగల్రాయుడూ. దాని పక్కన నువ్వున్నావా లేవా అని ఒక్కసారి చూడలేదు" అనింది.

చెంగడు రోడ్డు మధ్యలో కూలబడినాడు. వాడికి అర్థమైంది. నాకూ అప్పుడే తగిలింది. వాడు వంటశాలకొస్తే నాకు నొచ్చేది. వాడు వస్తే కాదు, నాంచారిని వదిలి వచ్చేస్తే.

"నా చెయ్యి దాని మీద ఉంటే దానికి నొప్పి లేదు బావా" అన్నాడు నిదానంగా. "నాకు ఎట్ల వస్తాది మరి?"

"చీము అట్లే ఉంది. కోయాల్సిందే. ఆస్పత్రికి పోవాల్సిందే. కానీ నువ్వు పక్కనుంటే నిలబడి పోతుంది" అనింది డాక్టరమ్మ.

వాడు పట్టీ వైపు చూసుకున్నాడు. దాన్ని విప్పేదానికి వాడికి చేతులు రాలేదు. నెల దినాలు దేనికోసం మీసం పోగొట్టుకున్నాడో అది కాలికే ఉంది. లేచి ఇంకొక్కసారి మలుపు చాటుకి పోయినాడు. ఈసారి కేక రాలేదు. కొంచేపు నిలబడి, ఆ నొప్పినంతా ఉండనిచ్చి, తిరిగొచ్చి వంగి నా కాలికి కట్టినాడు. పిల్లకి కట్టినట్టు నెమ్మదిగా కట్టినాడు.

"చూసుకో బావా. నీ కాలు ఊరికే ఉంటే, నేను దాని దగ్గరే ఉన్నట్టు" అన్నాడు. లారీ ఎక్కినాడు. నాంచారి తొండం వాడి నున్నటి మూతి మీద తడిమింది. మీసం కోసమనుకుంటా.

అది జరిగి నాలుగు నెలలయింది. వాడు ఆడనే ఉండాడు. గోరు కోసినారు, మానతా ఉందంట. నా కాలు ఊరికే ఉంటాది. మధ్యాన్నం కొంచెం గుచ్చతాది. "మీ ఆయన అన్నానికి పోయినాడు" అని కన్నెమ్మకి చెప్తా. సాయంత్రం కొంచెం లాగతాది. "స్నానానికి పోయినాడు." ఆ పిల్ల వింటాది, మళ్ళీ పనిలో పడతాది.

మొన్న మాత్రం డాక్టరమ్మ వచ్చినప్పుడు అడిగేసింది. "అమ్మా, మనుషులకి ఇట్లాంటిది చేస్తారా?"

"ఎవరికి కన్నెమ్మా?"

"కడియం నా కాలికి వెయ్యండి. పట్టీ ఆయనకి."

డాక్టరమ్మ తల వంచుకుని నా పట్టీకి బ్యాటరీ మార్చింది. నేను ఆ మాట ఫోన్లో చెంగడికి చెప్పినా. ఎగతాళిగానే చెప్పబోయినా గాని, ఆఖరికి ఆ పిల్ల అన్నది అన్నట్టే చెప్పినా. వాడి వెనకాల నాంచారి చెవులు విసురుకునే చప్పుడు వినిపించింది.

శనివారం మధ్యాన్నం నా కాలు గుచ్చింది. అన్నానికి పోయినాడులే అనుకున్నా. అన్నం పొద్దు దాటిపోయినా ఆగలేదు. సాయంత్రం అయింది, తెల్లారింది. ఆస్పత్రికి ఫోన్ చేయబోతా ఉంటే, చిత్తూరు బస్సులోనించి చేతిసంచీతో దిగినాడు. మీసం మళ్ళీ పెంచినాడు. నన్ను పలకరించలేదు. నేరుగా ఇంట్లోకి పోయినాడు. కొంచేపటికి కన్నెమ్మ నవ్వు వినిపించింది. ఆ పిల్ల నవ్వితే వీధి చివరిదాకా వినిపిస్తాదని నేనే మర్చిపోయినా.

వాడు ఆడ కోడికూర తింటా ఉండాడు. నాంచారి ఆరు జిల్లాల అవతల కాలెత్తుకుని నిలబడి ఉంది. నేను ఇక్కడ అరుగు మీద కాలు పట్టుకుని కూర్చుని ఉండా.

మా ఆడది సంపూర్ణ వచ్చి, "విప్పెయ్యరాదా దాన్ని?" అనింది.

"విప్పితే, అది ఎదురుచూస్తా ఉందని ఎవరికి తెలుస్తాదే?" అన్నా. తర్వాత మనసు ఆగక అడిగినా. "సంపూర్ణా, నేను నాలుగు దినాలు ఊరు పోతే నీకు యాడన్నా నొస్తాదా?"

అది పైనించి కిందిదాకా నన్ను చూసి, "చెవులకి కొంచెం సుఖంగా ఉంటాది" అని లోపలికి పోయింది.

పక్కింట్లో మళ్ళీ నవ్వినారు. రేపు పొద్దున మొదటి బస్సుకి పోతాడంట. నాకు కుళ్ళుగా ఉంది. వాణ్ణి చూసి కొంచెం, ఆ ఏనుగుని చూసి ఎక్కువ.